ఎవారిస్తో తుపాకీ, సెలెదోనియా కుక్క

రండి రండి, బెంచీ మీద ఇంకాస్త జరిగి కూర్చోండి. ఆ మూల గుసగుసలు ఆపండి. పెద్దాయనా, ఆ గురక కూడా కాసేపు జేబులో పెట్టుకోండి. ఇది దొంగతనం కథ. మాటల సందడిలో దొంగ తప్పించుకుంటే పూచీ మాది కాదు.

పోయింది ఒక రివాల్వర్.

ఊరు సాన్ ఒనోఫ్రే. ఇల్లు ఎవారిస్తోది. చోటు, వసారాలో ఊయల మీద తలగడ కింద. టైము, మధ్యాహ్నం ఒకటీ ఇరవైఐదుకీ రెండూ పదికీ మధ్య.

పరాగ్వేలో ఆ జనవరి ఎండ ఎలాంటిదంటే, కోళ్లు ఉడికిన గుడ్లే పెట్టాయి. ఊరంతా తలుపులేసుకుని పడుకుంది. మెలకువగా ఉన్నది ఒక్క పోలీస్ ఆఫీసర్ ఎర్మెలిందా. ఆమెను మెలకువగా ఉంచింది డ్యూటీ కాదు, కడుపుమంట. విల్యారికా పట్నం పోలీసు కెప్టెన్ ఫొటో మళ్లీ పేపర్లో పడింది. ఈసారి బ్యాంకు దొంగల్ని పట్టాడట. ఆరేళ్ల సర్వీసులో ఎర్మెలిందా పట్టింది పదకొండు కోళ్లు, ఒక సైకిలు. అందులో రెండు కోళ్లు వాటంతటవే ఇంటికొచ్చేశాయి.

అంతలో ఫోను. రివాల్వర్ మాయం!

ఎర్మెలిందా టోపీ పెట్టుకుంది. ఒకసారి అద్దంలో ఫొటోకి నవ్వినట్టు నవ్వి చూసుకుంది. బయల్దేరింది.

రెండూ యాభైఐదు. గేటు దగ్గర నిలబడి, మర్యాదగా మూడు చప్పట్లు కొట్టింది.

గేటు వెనక దూడంత కుక్క. పేరు సుల్తాన్. చప్పట్లు వినగానే చెవులు నిక్కించింది. మొరగలేదు. ఆఫీసరుకి వీపు చూపించి, వంటింటి వైపు పరుగు తీసింది. అక్కడ ఖాళీ గిన్నె ముందు బుద్ధిగా కూర్చుంది. దాని ముక్కు నిండా ఎర్రమట్టి.

"చూశారా ఆఫీసరమ్మా! ఇదీ మా కాపలా!" అన్నాడు ఎవారిస్తో బయటికొస్తూ. "నా తుపాకీనే కాపాడలేని కుక్క నా ఇంటినేం కాపాడుతుంది? అయిదు గంటలకి పశువుల ఆసామి ట్రక్కు వస్తోంది. అప్పటికి తుపాకీ దొరక్కపోతే దీన్ని ఎక్కించి పంపేస్తా. ఒట్టు!"

లోపలి నుంచి ఆయన భార్య సెలెదోనియా వచ్చింది. చేతిలో బట్టల మూట.

"అదే ట్రక్కులో నాక్కూడా చోటుంచమను. ముప్పైరెండేళ్లు కాపురం చేశాను, చాల్లే."

పోయిన ఏడాది ఆ వీధిలో దొంగలు పడ్డప్పటి నుంచి మొదలైన గొడవ ఇది. ఆయన తుపాకీ కొందామన్నాడు. ఆవిడ కుక్కని తెద్దామంది. తుపాకీ అన్నం తినదన్నాడు ఆయన. కుక్క పొరపాటున పేలదంది ఆవిడ. చివరికి ఎవరిది వాళ్లు తెచ్చుకున్నారు. గుళ్లు మాత్రం ఆవిడ ఏప్రన్ జేబులో ఉండాలని ఒప్పందం.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆయన తుపాకీకి రోసాల్బా అని పేరు పెట్టాడు.

ఎర్మెలిందా నోట్‌బుక్ తీసింది.

"ఎవరి మీద అనుమానం?"

"ఇదిగో, ఈవిడ మీదే. రోసాల్బా అంటే అసూయ."

"ఉండదా మరి? పెళ్లికి ముందు సాన్ హువాన్ పండగలో రోసాల్బా అనే పిల్లతో తెల్లారేదాకా చిందులేశాడు ఆఫీసరమ్మా! ఇప్పుడు ప్రతి ఆదివారం ఆ పేరు పలుకుతూ ఆ ఇనప ముక్కని ఒళ్లో పెట్టుకుని నిమురుతాడు. నన్ను అలా నిమిరి ఎన్నేళ్లయిందో అడగండి!"

"అడగండి, చెప్తా! మాంసంలో మంచి ముక్క నాకు పడి ఎన్నేళ్లయిందో అదీ అడగండి. అది సుల్తాన్‌కి. నాకు ఎముక!"

"రెండూ రాసుకున్నాను," అంది ఎర్మెలిందా. "ఒకటిన్నరకి మీరెక్కడున్నారమ్మా?"

"మంచం మీద. ఒళ్లు తెలియకుండా పడుకున్నాను."

"సాక్షి?"

"నా గురక. వీధంతా వినుంటుంది."

"నేను విన్నాను!" అంది పక్కింటి గోడ. అంటే గోడ మీదున్న తల. బొనిఫాసియో. కుక్కా లేదు, తుపాకీ లేదు. రెండూ ఉన్న ఇంటివైపు చూస్తూ చూస్తూ గోడ మీద గడ్డం ఆన్చిన చోట గుంట పడిందని జనం చెప్పుకుంటారు.

ఎర్మెలిందా గిర్రున తిరిగింది. "ఒకటిన్నరకి మీరేం చేస్తున్నారు?"

"ఇక్కడికే వచ్చాను. ఒకటీ ఇరవైఐదుకి. తెరెరే, అదే మన చల్లని ఆకు టీ, దాన్లోకి ఐసు అడుగుదామని."

"చప్పుడు లేకుండా దూరారా?" అంది ఎర్మెలిందా.

"నేనేం పశువునా? గేటు దగ్గర నిలబడి చప్పట్లు కొట్టాను. ఏం బావా, నువ్వే ఊయల దిగొచ్చి ఐసు ఇచ్చావు. రెండూ పది దాకా గేటు దగ్గరే వాయించావుగా, తుపాకీ గొప్పా కుక్క గొప్పా అని! ఐసు నీళ్లయిపోయింది, నువ్వు ఆపలేదు."

"అప్పుడు తుపాకీ?"

"తలగడ కింద ఉంది," అన్నాడు ఎవారిస్తో. "తిరిగొచ్చేసరికి లేదు."

ఎర్మెలిందా తలగడ ఎత్తింది. గలీబు మీద నూనె మరక. మరకలో మూడు గోధుమరంగు వెంట్రుకలు. వాసన చూసింది. తుపాకీ నూనె వాసన కాదు. పండగ వాసన.

షెల్ఫ్ మీద తుపాకీ నూనె సీసా ఉంది. మూతకి సీలు కూడా తియ్యలేదు.

మూడూ నలభై. సెలెదోనియా కోపంలోనూ మర్యాద మరిచిపోలేదు. చిపా రొట్టె తెచ్చి పెట్టింది. ఎర్మెలిందా కొరికింది. టక్‌మంది. రొట్టె విరగలేదు.

"ఏమనుకోకమ్మా. పందికొవ్వు తక్కువైంది. నెల నుంచీ గిన్నెలో కొవ్వు తరిగిపోతోంది. ఎవరు తింటున్నారో తెలీదు." గోడ వైపు చూసింది.

"ఐసే అడిగాను, కొవ్వు కాదు!" అంది గోడ.

ఎర్మెలిందా రొట్టె కింద పెట్టింది. ఎవారిస్తో చెవులు ఎర్రబడటం చూసింది.

"అమ్మా, సుల్తాన్‌ని అన్నానికి ఎలా పిలుస్తారు?"

"చప్పట్లు కొట్టి. ఎందుకూ?"

ఎర్మెలిందా లేచి నిలబడింది. టోపీ సర్దుకుంది.

నాలుగూ యాభై. దూరంగా ట్రక్కు దుమ్ము కనిపిస్తోంది. సెలెదోనియా మూటని గుండెకి హత్తుకుంది.

"అందరూ వసారాలోకి రండి. బొనిఫాసియో, మీరు గోడ మీదే ఉండండి. అమ్మా, గిన్నెలో ఏమీ వెయ్యొద్దు. ఊరికే చప్పట్లు కొట్టండి."

సెలెదోనియా కొట్టింది.

సుల్తాన్ ఉరికొచ్చింది. గిన్నె చూసింది. ఖాళీ. వాసన చూసింది. నిట్టూర్చింది. తర్వాత, దాచుకున్న అటుకులు గుర్తొచ్చినవాడిలా, నేరుగా పెరట్లో కర్రపెండలం మడిలోకి నడిచింది. తవ్వింది.

ఎర్రమట్టిలోంచి రోసాల్బా బయటికొచ్చింది. నాకి నాకి గొట్టం వెండిగిన్నెలా మెరుస్తోంది.

"వీడే సస్పెక్ట్," అంది ఎర్మెలిందా. "మన దేశంలో అతిథి గేటు దగ్గర చప్పట్లు కొడతాడు. మీరు కుక్కకి చప్పట్లంటే అన్నమని నేర్పారు. అందుకే ఎవరొచ్చినా కాపలా వదిలి వంటింటికి పోతుంది. ఒకటీ ఇరవైఐదుకి బొనిఫాసియో చప్పట్లు కొట్టాడు. గిన్నె ఖాళీ. ఊయల ఖాళీ. తలగడ కింద ఘుమఘుమలాడే పందికొవ్వు. నేనొచ్చేసరికే దీని ముక్కు మీద ఎర్రమట్టి ఉంది. గిన్నెలో కొవ్వు తరగడానికీ, తుపాకీ నిగనిగలాడటానికీ కారణం ఒక్కటే. సీసా నిండా నూనె ఉండగా కొవ్వెందుకు రాశారు డోన్ ఎవారిస్తో?"

ఎవారిస్తో నేల చూశాడు.

"మొదటిసారి సీసా మూత రాక రాశాను. తుపాకీ తుడిచి చెయ్యి కిందకి వేలాడేస్తే సుల్తానొచ్చి నాకింది. అప్పటిదాకా నేను పిలిస్తే గోడ వైపు చూసేది. ఎప్పుడూ నీ వెనకే సెలెదోనియా. నీ కాళ్ల దగ్గరే నిద్ర." అరచెయ్యి తిప్పి చూపించాడు. "ఆదివారం ఆదివారం నేను నిమిరింది తుపాకీని కాదే. కుక్కని పిలవడానికి చెయ్యి జిడ్డు చేసుకున్నాను."

"మరి ఆ ట్రక్కు?" అంది సెలెదోనియా.

"నాది కానప్పుడు నీదీ కాకూడదని కుళ్లు."

సెలెదోనియా మూటని కిందకి దించింది. ముడి విప్పి, అందులోంచి పొద్దుటి మాంసం ముక్క తీసింది. ప్రయాణానికి సుల్తాన్ కోసం దాచినది. దాన్ని ఆయన చేతిలో పెట్టింది.

"నువ్వే పెట్టు."

సుల్తాన్ ఆయన చేతిలోంచి తింది. తర్వాత ఆయన కాళ్ల మీద పడుకుంది. ఎవారిస్తో కదల్లేదు. అయిదింటికి ట్రక్కు హారన్ కొట్టినా కదల్లేదు. సెలెదోనియానే వెళ్లి, ఆసామికి రెండు చిపాలిచ్చి వెనక్కి పంపింది. వాటిని అతను దారిలో టైరు కింద రాళ్లలా పెట్టుకున్నాడట.

"పేరు మాత్రం మార్చాలి," అంది తిరిగొచ్చి. "రోసాల్బా వద్దు. సెలెదోనియా అని పెట్టు."

"అమ్మో! గుళ్లు లేకపోయినా పేలుతుంది!"

ఎర్మెలిందా రిపోర్ట్ రాసింది. దొంగ: సుల్తాన్. సొత్తు: రికవర్డ్. వారం తర్వాత పేపర్లో ఫొటో కూడా పడింది. పేజీ నిండా సుల్తాన్. ఓ మూలన ఎర్మెలిందా మోచెయ్యి. ఇప్పుడు ఆమె ఆ కెప్టెన్ని మానేసి కుక్కని చూసి కుళ్లుకుంటోంది.

కానీ ఆ సాయంత్రం అందరికంటే ఎక్కువ కుళ్లుకుంది గోడ మీదున్న తల. బొనిఫాసియో కళ్లు తుడుచుకుని, ఇంట్లోకి తిరిగి, భార్యకి వినపడేలా గట్టిగా అరిచాడు.

"విన్నావుటే? ఎన్నిసార్లు మొత్తుకున్నాను, మనమూ ఒక దొంగని పెంచుకుందామని!"