లోపలి నాడా

శనివారం పొద్దున్నే ఒడెస్సా మొక్కజొన్న రవ్వ ఉడికించి, గుడ్లు వేయించి, కొడుకును టిఫినుకి కేకేసింది. ఆ రోజు ఆమె హుషారే వేరు. కొడుక్కి చెప్పకుండా ఓ మంచి పని చేసి పెట్టానన్న సంబరం, దాచుకుందామన్నా మొహంలో దాగడం లేదు.

రషాన్ ఏడాదిగా క్వీన్స్ పేటలోని ఆ ఇంటి ముందుగదిలో, అమ్మ పాత కుట్టుమిషను మీద వదులు ప్యాంట్లు కుడుతున్నాడు. ఆ పేటలో హిప్-హాప్ పాడే కుర్రాళ్ళంతా వాటికోసం ఎగబడుతున్నారు. జమైకా అవెన్యూ అనే వీధిలో బట్టల కొట్టున్న గ్రేడీ గారు మధ్యాహ్నం సరుకు తెచ్చి చూపించమన్నారు. నచ్చితే షోకేసులో పెద్ద పెద్ద కంపెనీల పక్కన రషాన్ పేరుంటుంది. నచ్చకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

రషాన్ కొత్త లేబుళ్ళ పొట్లంతో ముందుగదిలోకి వెళ్ళి మొదటి ప్యాంటు ఎత్తి పట్టుకున్నాడు. అది వదులుగా లేదు. ఇంకోటి తీశాడు, అదీ అంతే. నిన్న సాయంత్రం తను లేబుళ్ళకోసం వెళ్ళినప్పుడు ఎవరో అన్నింటికీ నడుం తగ్గించి, కాళ్ళు సన్నం చేసి, ఇస్త్రీ చేసి మడతపెట్టారు. ఎవరో ఏమిటి, అంత నీటుగా కుట్టే చెయ్యి ఆ ఇంట్లో ఒకటే ఉంది.

"అమ్మా, ఏం చేశావ్?"

"కొలత తప్పావురా. ఒక్కో ప్యాంట్లో ఇద్దరు దూరొచ్చు. పెద్ద కొట్టుకి పోయే సరుకు, నలుగురూ నవ్వుతారని సరిచేశాను," అంది ఒడెస్సా చేతులు తుడుచుకుంటూ.

గుడ్లు తింటున్న చెల్లెలు యొలాండా ఫక్కున నవ్వబోయి, అన్న మొహం చూసి నోరు మూసుకుంది.

"అది తప్పు కాదమ్మా, అదే ఫ్యాషను. నోటికాడి కూడు లాగేశావు."

ఆ మాటకి ఒడెస్సాకి ఒళ్ళు మండింది. మన్‌హాటన్ ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్ళు కుట్టిన చేతులివి, నాకు కుట్టు నేర్పే మొనగాడివయ్యావా అని ఎత్తిపొడిచింది. రషాన్ కూడా తగ్గలేదు. ముప్పయ్యేళ్ళూ ఎవరి పేరు కుట్టావని అడిగాడు. మన నల్లవాళ్ళు పుట్టించిన తీరును పరాయివాళ్ళు తమ పేరు వేసి మనకే అమ్ముతుంటే, ఇంకా వరసలో నిలబడి కొనుక్కోవాలా అని నిలదీశాడు. మాటా మాటా పెరిగింది. యొలాండా మధ్యలోకొచ్చినా ఇద్దరూ వినలేదు.

"అసలు వదులంటే నీకెందుకమ్మా అంత మంట?" అన్నాడు రషాన్.

ఒడెస్సా కుర్చీలో కూలబడింది.

"మీ క్లైడ్ మామయ్యని కోర్టుకి తెచ్చిన రోజు నేనున్నాను. లోపల వేసినప్పుడే వాడి బెల్టు తీసేసుకున్నారు. సంకెళ్ళ చేతుల్తో ప్యాంటు పట్టుకుని నిలబడ్డాడురా. జడ్జి ఏమడిగినా తలెత్తలేదు. ఎక్కడ జారిపోతుందోనని వాడి బాధ వాడిది. చెయ్యని తప్పుకి." ఆమె కొడుకు చేతిలోని ప్యాంటు కేసి చూసింది. "అలాంటి వదులు ప్యాంటు వేసుకుని నువ్వు వీధిలోకి వెళ్తుంటే, నాకు వాడే కనిపిస్తాడు."

మామయ్య ఊసు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎందుకెత్తరో రషాన్‌కి ఇవాళే తెలిసింది. కోపమంతా ఎటు పోయిందో, అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని ఆమె ఒళ్ళో తల పెట్టుకున్నాడు.

"పోనీలే అమ్మా. రావడం లేదని గ్రేడీ గారికి ఫోన్ చేసేస్తా."

ఒడెస్సా కళ్ళు తుడుచుకుని కొడుకు నెత్తిన మొట్టికాయ వేసింది. "గుడ్డ కత్తిరించానని ఎవడు చెప్పాడ్రా? నీ కష్టం మీద కత్తెర పెడతానా? లోపలికి మడిచి కుట్టానంతే. విప్పితే నీ వదులు నీకొస్తుంది."

ముగ్గురూ కింద కూర్చుని కుట్లు విప్పడం మొదలుపెట్టారు. కాసేపటికి ఒడెస్సా లేచి, చర్చి పాటగాళ్ళ గౌనులు కుట్టే సామాను పెట్టెలోంచి తెల్లతాడు తెచ్చింది. ప్రతి ప్యాంటుకీ నడుం లోపల మడత పెట్టి, అందులోంచి నాడా ఎక్కించింది. పైకి కనపడదు.

"బెల్టు ఉంటుందిగా, ఇదెందుకమ్మా?" అంది యొలాండా.

"బెల్టు లాగేసుకుంటారే," అంది ఒడెస్సా తలెత్తకుండా. "ఇదుంటే ప్యాంటు పట్టుకోనక్కర్లేదు. తలెత్తుకుని నిలబడొచ్చు."

రషాన్ పొట్లంలోంచి ఓ లేబులు తీసి, నాడా పక్కనే ఆనించి, నువ్వే కుట్టమని అమ్మకి అందించాడు. దానిమీద 'వింబర్లీ' అని వాళ్ళ ఇంటిపేరు ఉంది. ఇన్నేళ్ళ కుట్టులో సొంత ఇంటిపేరు ఆమె చేతికి రావడం అదే మొదలు. కళ్ళనిండా నీళ్ళు, సూదిలోకి దారం ఎక్కడం లేదు. కొడుకే ఎక్కించి ఇచ్చాడు.