కొస తెలిసిన చెయ్యి

వరపూజ రోజు పొద్దున్నే రేణుక పెట్టిన కేకకు ఇంట్లో వాళ్ళంతా పరుగెత్తుకొచ్చి చూస్తే ఆమె మంచం మీద మెత్త లేదు, ఆ దిండు పేగులున్నాయి.

బచ్చలిపండు రంగు ఊలు మంచం నిండా చుట్టలు చుట్టలుగా పడి ఉంది. లోపలి తెల్లగుడ్డ సంచి నిలువునా చిరిగింది. బూరుగు దూది ఫ్యాను గాలికి లేచి గదంతా ఎగురుతోంది. అద్దానికి అంటుకుంది. దేవుడి పటాలకు అంటుకుంది. ఇంటి యజమాని సోమనర్సయ్య మీసాలకు కూడా అంటుకుంది.

"ఏమైందే? ఎవరన్న సచ్చిన్రా, గట్ల మొత్తుకుంటున్నవ్?" అని భార్య మీద అరిచాడాయన. ఆ ఇంట్లో ఆ మాట అనకూడదని ఆయనకే గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

పెద్దకొడుకు జితేందర్ పోయి మొన్ననే ఏడాది నిండింది. భూపాలపల్లిలో కరెంటు పని చేసేవాడు. వానలో బండి జారి పడ్డాడు, మళ్ళీ లేవలేదు. ఆ తర్వాత చాలాకాలం రేణుక సరిగా తినలేదు, నిద్రపోలేదు. ఆమెను మళ్ళీ మనిషిని చేసింది ఈ మెత్తే. దాన్ని అల్లి ఇచ్చింది చిన్నకొడుకు యుగేందర్ చేసుకోబోయే పిల్ల, సుమన.

రేణుక ఫోన్ తీసింది. సుమనకు కలిపింది.

"సుమనా, నా మెత్తను చంపిన్రు బిడ్డా. జల్ది రా."

జనగామ స్టేషన్ దగ్గర లేడీస్ హాస్టల్లో ఉంటూ ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసే సుమన, సగం వేసిన జడతోనే వానలో ఆటో ఎక్కింది. ఆమె తల్లిదండ్రులు తుల్సీరాం, కమ్లీ అప్పటికే గంగారం దగ్గరి తమ తండా నుంచి బయల్దేరి మహబూబాబాద్‌లో రైలెక్కారు. పూలు, పండ్లు పట్టుకుని ఇంకాసేపట్లో ఆ ఇంటి గుమ్మం ముందు ఉంటారు. తండా పిల్లను కోడలిగా తెచ్చుకోవడానికి సోమనర్సయ్యను ఒప్పించడానికి రేణుకకు నెలలు పట్టింది. ఈ రోజు దాటితే ఇక వెనక్కి లేదు. దాటకపోతే ముందుకు లేదు.

ఆటోలో కూర్చుని సుమన ఒకటే ఆలోచిస్తోంది. మెత్తను ఎవరు చంపుతారు?

*

యుగేందర్ ఆమెకు పరిచయమైంది కూడా ఊలు వల్లే.

సోమవారం పొద్దున మహబూబాబాద్ నుంచి జనగామ వచ్చే రైల్లో సుమన కిటికీ పక్కన కూర్చుని క్రోషా సూదితో ఏదో అల్లుకుంటోంది. ఒళ్ళో ఉండ జారి సీటు కిందికి దొర్లింది. ఎదుటి సీటులోని కుర్రాడు జనగామ రాగానే లేచి తలుపు వైపు నడిచాడు. అతని బూటుకు చిక్కుకున్న దారం వెంట సాగింది. సుమన చేతిలోని అల్లిక వరుస తర్వాత వరుస ఊడిపోవడం మొదలైంది.

"ఓ అన్నా! ఆగు! నా వారం పని గుంజుకపోతున్నవ్!"

అతను వెనక్కి తిరిగాడు. బూటు చూసుకున్నాడు. దారం చూశాడు. దారం చివర కోపంతో ఎర్రబడిన ముఖం చూశాడు.

"నేనేం గుంజలే. మీరే నా కాలికి కట్టిన్రు."

"నాకేం పనిలేదనుకున్నవా, తెల్వనోళ్ళ కాళ్ళకు దారం కట్టనీకి?"

"కట్టినా ఏమనను గని, అన్న అన్నరు చూడుర్రి, గా ముచ్చట జర వాపస్ తీస్కోర్రి."

ఆమె తీసుకోలేదు. కానీ నవ్వు ఆగలేదు. ప్లాట్‌ఫాం మీద చినుకుల్లో నిలబడి ఇద్దరూ కలిసి దారం చుట్టారు. జనగామలో ఇన్వర్టర్ల దుకాణం నడిపే యుగేందర్‌కు ఆ రోజు నుంచి మహబూబాబాద్‌లో పని ఎక్కువైంది. అక్కడ కరెంటు అంతగా పోతుందా అని వాళ్ళ బాపు ఒకటి రెండుసార్లు అడిగాడు కూడా.

జితేందర్ పోయాక యుగేందర్ మాటలు తగ్గాయి. ఒక సాయంత్రం యుగేందర్ ప్లాస్టిక్ సంచితో స్టేషన్‌కు వచ్చాడు. లోపల బచ్చలిపండు రంగు స్వెటర్ ఉంది.

"మా అన్నది. దినాలప్పుడు బట్టలన్నీ చాకలికిచ్చినం. గిది భూపాలపల్లి రూంల మిగిలిపోయింది. అమ్మ కంట పడితే ఇంకేమన్న ఉందా? ఎక్కడన్న పారెయ్."

"ఎవరల్లిన్రు?"

"అమ్మనే. అన్నకు నౌకరి దొరికిన ఏడు."

సుమన పారేయలేకపోయింది. తల్లి చేతి అల్లికను మురికి కాలవలో ఎలా పడేస్తుంది? విప్పింది. ఊలును ఉతికి, నీడన ఆరబెట్టి, ఉండలు చుట్టింది. మళ్ళీ సూది పట్టింది.

"అన్నను మెత్త చేస్తున్నవానే?" అన్నాడు యుగేందర్, నవ్వాలో ఏడవాలో తెలియక.

"అమ్మకు పట్టుకోనీకి ఏదన్న ఉండాలె గద. మనిషిని తేలేం. పోగు తేవచ్చు."

ముందు వైపు నడిమధ్య మొదలుపెట్టి, గుండ్రంగా పెంచుకుంటూ పోయి, అంచు తిరిగి, వెనక వైపు తగ్గించుకుంటూ వచ్చింది. లోపల బూరుగు దూది. అంచు చుట్టూ తన తల్లి కుట్టుపనిలో వాడే చిన్న చిన్న అద్దాలు. వెనక నడిమధ్య ఒక బొత్తం.

మెత్తను ఒళ్ళో పెట్టగానే రేణుక దాన్ని రెండు చేతులతో దగ్గరికి తీసుకుంది. వేళ్ళతో తడిమింది. చెంప ఆనించింది. ఆ రోజు మధ్యాహ్నం కూర్చున్నచోటే నిద్రపోయింది. లేచాక అన్నం అడిగింది.

*

సుమన గుమ్మంలో చెప్పులు విడిచేలోపే గదిలోంచి సత్తమ్మ గొంతు వినిపించింది. సోమనర్సయ్య అక్క ఆమె. వరపూజ కోసం నిన్ననే తరిగొప్పుల నుంచి దిగింది.

"తమ్మీ, ఇగో చూడు! దూదిల ఏం దొరికిందో చూడు!"

ఆమె అరచేతిలో ఎర్రగుడ్డ మూట ఉంది. సోమనర్సయ్య విప్పాడు. నల్లటి బొత్తాలు జారి నేల మీద పడ్డాయి.

"గివి జితేందర్ స్వెటర్‌వి కాదా?" సత్తమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "సచ్చినోని బొత్తాలు, ఎర్రగుడ్డ. ఇంకేం గావాలె? రేణుకకు మందు పెట్టిన్రు తమ్మీ! గందుకే తండా పిల్ల, తండా పిల్ల అని పట్టు పట్టింది!"

సోమనర్సయ్య గుమ్మం వైపు చూశాడు. తడిసిన సుమన అక్కడ నిలబడి ఉంది.

"గిది నువ్వే పెట్టినవా?"

"నేనే పెట్టిన మామా. మందు కాదు. పారేయ చెయ్యి రాలే. మా యాడి... మా అమ్మ పాత లంగ గుడ్డల మూట కట్టిన."

"గీ ఊలు?"

"స్వెటర్‌దే."

"నీకెట్ల దొరికింది?"

సుమన యుగేందర్ వైపు చూసింది. అతను ఇచ్చాడని అతనే చెబుతాడనుకుంది. యుగేందర్ ఫ్యాన్ వైపు చూస్తున్నాడు.

"నాకు తెల్సు," అంది రేణుక మంచం మీది నుంచి. "మొదటిదినమే గుర్తుపట్టిన. అల్లింది నేను గద. పిల్లనేం అనకుర్రి."

"తెల్సి పెట్టుకున్నవా? సచ్చినోని బట్ట మంచంల పెట్టుకుని, చిన్నోనికి వరపూజ చేస్తనంటవా?" సోమనర్సయ్య ఎర్రగుడ్డను గుప్పిట్లో నలిపాడు. "గిది ఊడదీసినోనికి దండం పెట్టాలె. ఇగ వరపూజ లేదు, ఏం లేదు. యుగేందర్, వాళ్ళ బాపుకు ఫోన్ చెయ్యి. కాజీపేటలనే దిగి వాపస్ పొమ్మను."

యుగేందర్ ఫోన్ తీశాడు. చెయ్యలేదు. జేబులో పెట్టలేదు. అలా పట్టుకుని నిలబడ్డాడు.

సుమన మంచం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. ఊలును వేళ్ళ మధ్య నుంచి జారవిడుస్తూ చూసింది. చూస్తూ చూస్తూ ఆమె వేళ్ళు నెమ్మదించాయి. తర్వాత ఆగిపోయాయి. లేచి, యుగేందర్‌ను కళ్ళతోనే పిలిచి, మెట్లెక్కి డాబా మీదికి పోయింది.

*

డాబా మీది రేకుల చూరు నుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. ఒకప్పుడైతే ఆ చూరు కింద ఇద్దరూ అరచేతులు పెట్టి ఎవరి దోసిలి ముందు నిండుతుందో పందెం వేసుకునేవాళ్ళు.

"ఎవరు చేసిన్రంటవ్?" అడిగింది సుమన.

"బాపుకు మొదటి సంది ఇష్టం లేకుండె. లేకుంటే అత్త. నిన్ననే వచ్చింది, అన్నీ కెలుకుతది."

"మీ బాపైతే కత్తెర పట్టుకుంటడు. అత్తైతే ఎత్తి బయట పారేస్తది. కోస్తే ఊలు ముక్కలైతది. ఎక్కడ్నో పట్టి గుంజితే ముడి బిగుస్తది, ఊడదు. గీ అల్లికను ఆఖరి కొస కాడ్నించే విప్పాలె, ఇంకెక్కడ్నించి రాదు. మంచం మీద ఉన్నది ఒకటే పోగు యుగేందర్. మధ్యల యాడ తెగలే."

"అయితే?"

"కొస వెనక నడిమిట్ల బొత్తం కింద దాచిన. బొత్తం కుట్టేటప్పుడు నా పక్కన కూసున్నది ఎవరు?"

అతను చూరు నుంచి పడే ధార వైపు తిరిగాడు.

"'గీడ పట్టి గుంజితే నీ పనంతా మళ్ళ నా బూటుకే' అని నవ్వింది ఎవరు?"

"సుమనా, నేను..."

"వద్దు. నాకు చెప్పకు." ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే అతనికి తేలికయ్యేది. "నాకైతే తెల్సింది. కింద నన్ను మందు పెట్టినదంటున్నరు. మా బాపు పండ్లు పట్టుకుని వస్తుండు, గదే మాట ఆయన ముంగట అంటరు. స్వెటర్ నువ్విచ్చినవని చెప్పలే. ఊడదీసింది నువ్వని చెప్పలే. నేను చెప్తే పెండ్లి కోసం అబద్ధమాడుతుందంటరు. నువ్వు చెప్తవా చెప్పవా, గది చూడనీకే ఉన్న. లేకుంటే గిప్పుడే పోదును."

"చెప్తే పెండ్లి అయితదా?"

సుమన మెట్ల వైపు తిరిగింది.

"గదా నువ్వు అడిగేది?" అంది. మెట్లు దిగింది.

*

తుల్సీరాం తడిసిన తలపాగా పిండుకుంటూ వరండాలోకి వచ్చాడు. వెనక కమ్లీ, నెత్తి మీద పండ్ల బుట్ట. ఎదురు రావాల్సిన వాళ్ళు ఎవరూ రాలేదు. కాళ్ళకు నీళ్ళు ఇచ్చినవాళ్ళు లేరు. తుల్సీరాం నవ్వు ముఖం మీదే ఆగిపోయింది.

"బావా, ఆలస్యమైందా? రైలు కాజీపేటల జర ఆపిండు."

"ఆలస్యమే మంచిగైంది," అన్నాడు సోమనర్సయ్య. ఎర్రమూట ముందుకు చాపాడు. "నీ బిడ్డ ఏం చేసిందో చూడు. నా ఇంటిదానికి మందు..."

"బాపూ, ఆగు."

యుగేందర్ మెట్ల మీది నుంచి దిగుతున్నాడు. చివరి మెట్టు మీదే నిలబడిపోయాడు. సుమన తల్లి పక్కన నిలబడి బుట్ట దించడానికి చెయ్యి వేసింది. రేణుక గది గుమ్మానికి ఒరిగి ఉంది. ఆమె చీర మీద ఇంకా దూది ఉంది. యుగేందర్ తండ్రిని చూడలేదు, సుమనను చూడలేదు. తల్లినే చూస్తూ మొదలుపెట్టాడు.

"మెత్త ఊడదీసింది నేను. స్వెటర్ సుమనకిచ్చింది గూడ నేనే. పారెయ్‌మని ఇచ్చిన, పారెయ్యకుండ మా అమ్మకు పానం పోసింది. గంతే ఆమె చేసిన తప్పు. అమ్మా, నువ్వు మెత్తను జితూ అని పిలిచినవ్, నేనేం అనలే. పక్కన పండవెట్టుకున్నవ్, ఏం అనలే. నాకు జ్వరమొస్తే గూడ 'జప్పుడు చెయ్యకు, అన్న పండుకున్నడు' అన్నవ్. గప్పుడు బయటికి పోయి కూసున్న. నిన్న సాయంత్రం కొత్త అంగీ తెచ్చినవ్. నాకే అనుకున్న. వరపూజ నాది గద. ఏసుకుని చూద్దామని పొద్దున నీ గదిలకొచ్చిన. నువ్వు స్నానానికి పోయినవ్. అంగీ మెత్తకు తొడిగి ఉంది, గుండీలు పెట్టి ఉంది. నా పక్క కుర్చీల కూసోవెడ్తవని అత్తతోటి చెప్పినవట. అంగీ ఇప్పి మంచం కిందికి పారేసిన. నాకు కొస ఎక్కడుందో తెల్సు. గుంజిన. గుంజుతుంటే మంచిగనిపించింది అమ్మా, అబద్ధమెందుకు? లోపలి సంచి చేతులతోటి చింపినంక గని నాకు భయం కాలే. గది కుళ్ళు. అన్న మీద, సచ్చినోని మీద కుళ్ళు. నువ్వు మాఫ్ చేస్తవో లేదో నీ ఇష్టం. కని అత్త గా మూట చూపెట్టినప్పుడు, సుమనను అందరు ఆడిపోసుకుంటుంటే, నేను ఫ్యాన్ దిక్కు చూసిన. ఒక్క మాట చాలు, నోరు రాలే. పెండ్లి పోతే పోనీ గని నా పేరు రావద్దనుకున్న. పైన సుమన అడిగినంక గూడ, చెప్తే పెండ్లి అయితదా అని లెక్కలేసిన. మామా, గా పండ్లు కింద పెట్టకుర్రి. మీ బిడ్డను తీస్కపోర్రి. నాకు బిడ్డ ఉంటే నాసొంటోనికి నేనైతే ఇయ్య."