ఎడమవైపు మనిషి

"బ్రేకు! ముందు బ్రేకు వెయ్యండి మహానుభావా!"

నర్సు అరిచిన అరుపుకి వార్డు వార్డంతా ఉలిక్కిపడింది. తల్లిని మంచం మీంచి చక్రాల కుర్చీలోకి దించబోతున్న ఆ అబ్బాయి, కుర్చీ వెనక్కి జారిపోతుంటే కళ్లప్పగించి చూస్తున్నాడు తప్ప ఇంకేం చెయ్యలేకపోయాడు. నర్సు ఒక్క ఉదుటున వచ్చి కుర్చీకి కాలు అడ్డం పెట్టింది. పెద్దావిడ నడుం చుట్టూ చేతులు వేసి, పదిలంగా మళ్లీ మంచం మీదే కూర్చోబెట్టింది.

"ఇంతకీ ఏం పని చేస్తుంటారు మీరు?"

"లిఫ్టు మెకానిక్‌నండీ."

"అంటే బ్రేకులు చూడ్డమే మీ పనన్నమాట!"

"అవునండీ."

"మీ లిఫ్టులెక్కేవాళ్లు ఎంత పుణ్యం చేసుకున్నారో!"

అటూ ఇటూ మంచాల వాళ్లు కిసుక్కున నవ్వారు. అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. ఆ పూట నుంచి వార్డులో అతను లిఫ్టాయన. ఆమెకి అతను పెట్టిన పేరు బ్రేకమ్మ. ఆ పేరు పైకి అనే ధైర్యం మాత్రం చాలా రోజులు చెయ్యలేదు.

పెద్దావిడకి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. అంతవరకైతే నర్సుకి కొత్తేం కాదు. కానీ ఈవిడ మనసులోంచి ఎడమవైపు అనేదే చెరిగిపోయింది. కంచంలో కుడి సగం తిని, సగం అన్నమే పెట్టారని అలిగేది. కుడివైపు జుట్టు మాత్రమే దువ్వుకునేది. ఎడమపక్క నిలబడి పిలిస్తే, గోడ అవతల్నుంచి ఎవరో పిలిచినట్టు పైకీ కిందికీ వెతికేది.

ఒకసారి ఇంట్లో పడింది. ఇంకోసారి పడితే తుంటి ఎముక విరుగుతుంది, ఇక లేవదు అని డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఒకరి ఆసరాతో క్షేమంగా లేచి నడవగలిగితేనే ఇంటికి పంపుతానన్నాడు. ఏళ్లతరబడి మంచంలో ఉన్న తండ్రికి సేవ చేసి, ఆయన పోయిన ఏడాదికే తల్లి కూలబడిపోయింది. అతనికి ఇక మిగిలిందల్లా ఆవిడే.

ఒక మధ్యాహ్నం బయట ముసురు పట్టింది. వార్డు చివర, తెర కట్టిన ఆ మంచం దగ్గర పగలే చీకటిగా ఉంది. ఒకే పక్కన పడుకుంటే ఒళ్లు పుండవుతుందని నర్సు ఆవిడని ఒత్తిగిలించి, వీపుకి ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒక దిండు సర్దింది.

పెద్దావిడ గొంతు తగ్గించింది. "అమ్మాయ్, నా పక్కలో ఎవరో చెయ్యి పెట్టి పోయారే. తీసెయ్."

"అది మీ చెయ్యేనండీ."

"నాదెందుకవుతుంది? చల్లగా ఉంది, ముట్టుకుని చూడు."

నిజంగానే చల్లగా ఉంది. నర్సు చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మరి ఎవరిదంటావమ్మా?" అన్నాడు కొడుకు, నవ్వు తెచ్చిపెట్టుకుంటూ.

ఆవిడ కుడిచేత్తో దాన్ని తడిమి చూసింది. "నా కోడలిదేమో."

"నాకింకా పెళ్లే కాలేదుగా!"

"అందుకే మొహం చూపించట్లేదు కాబోలు."

ఇద్దరూ పకపకా నవ్వారు. నవ్వు ఆగాక చూస్తే, ఆవిడ నవ్వడం లేదు.

ఈ జబ్బులో ఇలాంటివి మామూలేనని నర్సు అతన్ని పక్కకి తీసుకెళ్లి చెప్పింది. పిలుపు గంట మీట ఎప్పుడూ కుడిచేతికే అందాలి. కబుర్లు మాత్రం ఎడమపక్క కూర్చుని చెప్పాలి, అప్పుడే మెడ అటు తిప్పడం అలవాటవుతుంది. ఆ చేతిని రోజూ నిమరాలి, ఇది నీదే అని చూపించాలి. లేపేటప్పుడు జారని చెప్పులు వెయ్యాలి, పాదాలు నేలకి ఆనాయో లేదో చూడాలి.

"అన్నిటికన్నా ముందు?" అంది.

"బ్రేకు!" అన్నాడతను బుద్ధిగా.

పోనీ, మందమతి కాదు అనుకుంది. అతను వెళ్లేటప్పుడు తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తాడేమోనని కూడా అనుకుంది. చూశాడు.

దిండు సంగతి ఆ తర్వాత మొదలైంది.

పక్క మార్చడానికి నర్సు వచ్చేసరికి, పెద్దావిడ ఎడమచెయ్యి అప్పటికే దిండు మీద ఉండేది. వేళ్లు విప్పారి ఉండేవి. దిండు ఒక మూల లోపలికి మడిచి, మణికట్టు కింద ఒద్దికగా దోపి ఉండేది. ఈ మడత వార్డులో ఎవరూ వెయ్యరు. లిఫ్టాయన చేతికి ఇంత నేర్పు ఉందా అని ఆశ్చర్యపోయింది. రానురాను ఆ మడత కోసమే తెర తీసేది. తల్లిని ఇంత అపురూపంగా చూసుకునే మనిషి పెళ్లాన్ని ఎలా చూసుకుంటాడో అనిపించి, తనలో తనే సిగ్గుపడేది.

ఉండబట్టలేక ఒకరోజు అనేసింది. "దిండు భలే సర్దుతారండీ మీరు."

"నేనా?" అతను తెల్లబోయాడు. "మీరు కదా! రోజూ వచ్చేసరికి సర్దేసి ఉంటుంది. మీకు థాంక్స్ చెప్పాలని ఎన్నాళ్లనుంచో..."

"నేను సర్దలేదు."

"నేనూ సర్దలేదు."

తెర ఒక్కసారి అల్లల్లాడింది. కిటికీ చూస్తే మూసే ఉంది.

"ఆ మడత..." అతను దిండు వైపు వంగి చూశాడు. "నాన్న మంచంలో ఉన్నప్పుడు అమ్మ అలాగే వేసేది. నర్సులందరూ అలాగే వేస్తారేమో అనుకున్నా."

పెద్దావిడ నిద్రలో ఉంది. ఎన్నడూ తిరగని మెడ, కొంచెం ఎడమకి ఒరిగి ఉంది.

ఆ తర్వాత వచ్చిన పెద్దవానలో అతను మళ్లీ తప్పు చేశాడు. తల్లికి ఎడమపక్క కూర్చుని అన్నం తినిపిస్తూ, వీలుగా ఉంటుందని, పడిపోకుండా మంచానికి ఆ పక్కనుండే అడ్డుకమ్మీ దించాడు. కంచానికి అడ్డమొస్తోందని గంట మీట కూడా ఎడమవైపు పడేశాడు. ఇంతలో ఆసుపత్రి లిఫ్టులో మనుషులు ఇరుక్కుపోయారని ఎవరో కేకేశారు. ఉన్నపళంగా పరుగెత్తాడు.

అవతలి గదిలో ఉన్న నర్సుకి గంట వినిపించింది. ఒకసారి మోగి ఆగే గంట కాదు. ఆపకుండా, బతిమాలుతున్నట్టు మోగుతోంది.

పరుగున వచ్చి తెర లాగింది.

పెద్దావిడ మంచం ఎడమ అంచు దాకా జారిపోయింది. సగం ఒళ్లు గాల్లో ఉంది. పడాలి, కానీ పడలేదు. ఎవరి భుజానికో ఆనుకున్నట్టు అలా ఒరిగి ఉంది. చచ్చుబడిన ఎడమచేతి బొటనవేలు గంట మీటని నొక్కిపట్టి ఉంది.

నర్సు చేతులు తమ పని మర్చిపోలేదు. మంచం అంచుకి మోకాలు ఆనించి, ఆవిడ భుజం వెనక ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి వేసి, "నా మీద వాలిపోండమ్మా, నేనున్నా" అంటూ మెల్లగా లోపలికి జరిపింది. అడ్డుకమ్మీ ఎత్తాకే ఊపిరి తీసుకుంది.

"గంట నేను కొట్టలేదే అమ్మాయ్," అంది పెద్దావిడ నిబ్బరంగా. "ఆ పక్కన ఉన్నవాళ్లు కొట్టారు."

లిఫ్టాయన వచ్చేసరికి నర్సు ఇంకా ఆ అడ్డుకమ్మీ పట్టుకునే ఉంది. అతనికి సంగతి అర్థమై మొహం పాలిపోయింది.

"బుద్ధుందా మీకు?" అని మొదలుపెట్టిన ఆమెకి, తిట్టు సగంలోనే ఏడుపొచ్చింది. "ఆవిడకేమైనా అయ్యుంటే మీరేమైపోయేవారు? నేనెలా తట్టుకునేదాన్ని? మీ గురించి ఇంతింత భయపడుతున్నాను, ఆ సంగతైనా తెలుసా మీకు?"

"తప్పు నాదేనండీ," అన్నాడతను తల దించుకుని. "కానీ... నా గురించి భయపడే మనిషి ఇంకొకరున్నారని నాకు ఇవాళే తెలిసింది. బ్రేకమ్మా, నువ్వంటే నాకు చాలా ఇష్టం."

"ఏమిటీ? బ్రేకమ్మా?" కళ్లు తుడుచుకుంటూనే ఆమె నవ్వేసింది.

చేతికి బలం తిరిగొస్తోంది, మనసుకే ఇంకా కబురందలేదు అన్నాడు డాక్టరు. దిండు కూడా ఆ చెయ్యే పాత అలవాటుకొద్దీ సర్దుకుని ఉంటుందన్నాడు. తన కిందికి తనే దిండు ఎలా దోపుకుంటుందని నర్సు అడిగితే, గడియారం చూసుకుని గబగబా వెళ్లిపోయాడు.

ఇంటికి వెళ్లే రోజు వచ్చింది. "బ్రేకు వేశాను!" అని లిఫ్టాయన వార్డంతా వినబడేలా ప్రకటించాడు. ఒకపక్క కొడుకు, ఒకపక్క నర్సు పట్టుకోగా పెద్దావిడ లేచి, కిటికీ దాకా నడిచి, వచ్చి కుర్చీలో కూర్చుంది. ఎవరూ పిలవకుండానే తనంతట తను మెడ ఎడమకి తిప్పింది. అక్కడ నర్సు ఉంది.

"ఇక్కడున్నావుటే!"

ఆవిడ ఎడమచేతిని కుడిచేత్తో ఎత్తి, ఎగాదిగా చూసుకుంది. "ఇది నా చెయ్యే," అంది తీరిగ్గా. దాన్ని తీసుకెళ్లి నర్సు అరచేతిలో పెట్టింది. "మావాణ్ణి చేసుకుంటావా? మంచివాడే. కాస్త పరధ్యానం, అంతే."

"చేసుకుంటానండీ," అంది నర్సు. ఇంతకాలం చల్లగా ఉన్న ఆ చెయ్యి, ఇప్పుడు వెచ్చగా ఉంది.

ఆవిడ చూపు నర్సు భుజం మీదుగా ఖాళీ మంచం వైపు మళ్లింది. ముఖం ఒక్కసారిగా మెత్తబడింది.

"ఏమండీ, పిల్ల వచ్చేసిందిగా. ఇంక మీరు వెళ్లి పడుకోండి."

ఇద్దరూ గిరుక్కున తిరిగి చూశారు. మంచం మీద ఎవరూ లేరు. దిండు మూలనున్న మడత మాత్రం, కింద నుంచి ఎవరో చెయ్యి తీసుకున్నట్టు, మెల్లగా విచ్చుకుంటోంది.