గుంతలో ఆరని దీపం

అన్నను తమ్ముడే చంపాడని పుంగనూరంతా తీర్పు చెప్పేసింది. పోలీసులు రేపో మాపో వస్తారు. ఆ భయంతో ఎల్లప్ప మదనపల్లెలో ప్రైవేటు డిటెక్టివ్ శాలేము రాజు ఆఫీసుకొచ్చి, కుర్చీ ఉన్నా నేలమీదే కూర్చున్నాడు.

ఆ ఊళ్ళోనే ప్రకాష్ బాబు డెయిరీలో, ఆవుల మేతకు తెచ్చిన టమాటాల్లో కుళ్ళినవి వేసే గుంత ఉంది. పన్నెండడుగుల లోతు, పైన కప్పిన ప్లాస్టిక్ పట్ట. అందులో పడిన మోటారు తీయడానికి ఎల్లప్ప అన్న మల్లప్ప దిగాడు, మళ్ళీ లేవలేదు. ఒంటిమీద గాయం లేదు. ఊపిరాడక పోయాడని డాక్టరు రాశాడు. పైన మల్లప్ప నడుముకు కట్టిన తాడు పట్టుకున్నది ఎల్లప్ప ఒక్కడే. బోరు నీళ్ళ దగ్గర అన్నదమ్ములకు గొడవలున్నాయని ఊరందరికీ తెలుసు.

"దీపం దించి సూడకుండా మేం యా గుంతలోకీ దిగం సార్," అన్నాడు ఎల్లప్ప. "ప్రకాష్ బాబు సారే షెడ్డులో లాంతరు ఎలిగించి తెచ్చిచ్చినాడు. మసిపట్టిన గాజు. దించితే బాగా ఎలిగింది. దిగన్నా అని నేనే సెప్తిని. శవాన్ని లాగేటప్పుడు కూడా ఆడ అడుగున ఎలుగుతానే ఉన్నింది."

శాలేము రాజు తలెత్తి, చివరి మాట మళ్ళీ చెప్పించుకున్నాడు. ఒకప్పుడు ఆయన బడిలో సైన్సు చెప్పేవాడు. గురువుగారికి ఏదో దొరికిందని అసిస్టెంటు తేజస్విని తెగ సంబరపడింది. ఎవరి చావు మీద సంబరపడుతోందో ఆలోచించే తీరిక ఆ పిల్లకు లేదు.

మర్నాడు గుంత దగ్గర ఎస్సైని, ప్రకాష్ బాబును, అతని భార్య షారోన్‌ను, ఎల్లప్పను నిలబెట్టి, శాలేము రాజు కిరోసిన్ లాంతరు వెలిగించి దించాడు. నాలుగడుగులు దిగేసరికి ఆరిపోయింది.

"కుళ్ళినదాన్ని సూక్ష్మజీవులు తింటాయి," అన్నాడాయన. "మనలాగే ఆక్సిజన్ వాడుకొని కార్బన్ డయాక్సైడ్ వదుల్తాయి. అది గాలికంటే బరువు, అడుగునే నిలిచిపోతుంది. మంటకైనా మనిషికైనా కావలసింది ఆక్సిజనే. మల్లప్ప ఊపిరాడక చచ్చిన చోట దీపం వెలిగిందంటే, అది మంట కాదు."

ఎస్సై షెడ్డులోంచి ఆనాటి లాంతరు తెచ్చాడు. ట్యాంకులో కిరోసిన్ చుక్క లేదు, లోపల బూజు పట్టింది. చర్చిలో క్రిస్మస్‌కు పట్టుకొనే, మంట లేకుండా వెలిగే బ్యాటరీ కొవ్వొత్తులు ఇంట్లో ఎన్నున్నాయని శాలేము రాజు షారోన్‌ను అడిగాడు. ఆరు కొన్నామనీ, ఇప్పుడు ఐదే ఉన్నాయనీ ఆమె భర్త వైపు చూడకుండా చెప్పింది.

ఊళ్ళో వాకబు చేసి తెలుసుకున్న కారణం కూడా ఆయనే చెప్పాడు. ప్రకాష్ బాబు ఈ గుంత నీళ్ళు వంకలోకి వదిలితే చేపలు చచ్చాయి, చేపలు తినే కొంగలు పోయాయి. అధికారుల ముందు సాక్ష్యం చెప్పడానికి మల్లప్ప ఒప్పుకున్నాడు.

ప్రకాష్ బాబు చొక్కా చేతులు సర్దుకున్నాడు. "నేనేమీ తొయ్యలా. దిగమని సెప్పింది వాళ్ళ తమ్ముడే."

ఎస్సై అతన్ని జీపెక్కించాడు. నీ మీద ఇక కేసు లేదు, ఇంటికి పొమ్మని తేజస్విని చెప్పినా ఎల్లప్ప కదల్లేదు.

"ఎంతసేపు పట్టింటాది సార్, మాయన్నకు?"

శాలేము రాజుకు అబద్ధం చెప్పాలనిపించింది, చేతకాలేదు. "రెండు మూడు ఊపిర్లు."

"అప్పుడు నేను ఈడ నిలబడి, యాల పలకవు, తొందరగా కానీ అని తిడతా ఉంటి," అన్నాడు ఎల్లప్ప.