ఎవరి ఫలితం వారికే

కొత్తమొగలో దీపాలు పెట్టే వేళకు ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు లేచి గోడ దగ్గరికి వెళ్లి వాటా మీట నొక్కేవారు. దేవుడి గూట్లో దీపం మరచిన ఇల్లు ఉండేదేమో గాని, మీట మరచిన ఇల్లు ఉండేది కాదు. పగలంతా పైకప్పు మీది సోలార్ పలకలు పట్టి దాచిన కరెంటులో కొంత ఆ నొక్కుతో గాలితెరకు వెళ్లిపోయేది. ఎంత ఇచ్చారు, అసలిచ్చారా లేదా అని పక్కింటివాళ్లను అడగడం మర్యాద కాదు. జీతం ఎంతని అడిగినా నవ్వి ఊరుకునేవారు గాని, మీట సంగతి ఎత్తితే మొహం మాడ్చుకునేవారు.

గాలితెర పేరుకే తెర. నిజానికది ఒడ్డు పొడవునా నిలబెట్టిన స్తంభాల వరుస. ఖనిజపు ఇసుక జల్లించుకుని పనికొచ్చింది పట్టుకుపోయిన కంపెనీలు, పనికిరానిది అక్కడే గుట్టలుగా వదిలేశాయి. సముద్రపు గాలి లేచినప్పుడల్లా ఆ గుట్టల మీది నల్లటి ధూళి ఊరి మీదికి వచ్చేది. స్తంభాలు ఆ ధూళికి విద్యుదావేశం ఎక్కించి, ఊళ్లోకి రాకముందే కింద తొట్లలోకి రాల్చేసేవి. గుట్టలు తీసేయడానికి ఏ ప్రభుత్వానికీ తీరిక దొరకలేదు. 2091 నాటికి కూడా దొరకలేదు.

ధూళి తెచ్చే జబ్బును జనం నల్లదగ్గు అనేవారు. పట్టుకుంటే మందు లేదు. ఊపిరితిత్తులు మెల్లగా గట్టిపడిపోతాయి. అందరికీ రాదు, కొందరికే వస్తుంది. ఆ కొందరు ఎవరో ఎవరికీ తెలియదు. జడ్జీగారికి రావచ్చు, జట్టు కూలీకి రావచ్చు. అందుకే ఊరి ఎగువన మెరకలో ఉన్న మేడలవాళ్లూ, దిగువన పల్లంలో ఉన్న రేకుల ఇళ్లవాళ్లూ ఒకే శ్రద్ధతో మీట నొక్కేవారు.

ఆ తెలియనిదాన్ని తెలుసుకోవాలని డాక్టర్ బెహరా మృణాళిని పన్నెండేళ్లు పనిచేసింది. జనారోగ్య పరిశోధనాలయంలో ఆమె ఎపిడెమియాలజిస్టు. ఒక్క రోగిని కాక ఊరంతటినీ ఒక రోగిగా చూసే చదువు అది. ఆమె కనిపెట్టిన యంత్రం శ్వాసదర్శిని. గొట్టంలోకి ఒక్కసారి ఊదితే చాలు. ఊపిరితిత్తుల కణాలు విడిచే అణువులను అది చదువుతుంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు అందని తిండి, ఊయలలో పీల్చిన పొయ్యి పొగ, వైద్యం లేకుండా తగ్గిన పసితనపు జ్వరం, ఇవన్నీ ఊపిరిలో గుర్తులు వదులుతాయట. ఆ గుర్తులను బట్టి దర్శిని మనిషిలా నోరు విప్పి రెండు మాటల్లో ఒకటి చెబుతుంది. ‘ధూళి తగిలితే వస్తుంది’ లేదా ‘ధూళి తగిలినా రాదు’.

ఎవరి ఫలితం వారికే చెప్పాలని, మరొకరి చెవిన పడకూడదని మృణాళిని పట్టుబట్టింది. ఆ నియమం ఒక్కసారి కూడా తప్పలేదు. రాబోయేవాళ్లకు ముందే తెలిస్తే జాగ్రత్తపడతారని ఆమె ఆశ. చదువుకున్నవాళ్ల ఆశలు ఇలాగే ఉంటాయి, లెక్క తప్పదు గాని మనిషి తప్పిపోతాడు.

పల్లంలో మొట్టమొదట గొట్టం ఊదింది రత్నం. చేపలమ్మే మైలపిల్లి ఎర్రమ్మ కూతురు. సర్వేకు తిరిగిన రోజుల్లో మృణాళిని ఎన్ని మధ్యాహ్నాలు ఎర్రమ్మ అరుగు మీద కూర్చుని గంజి తాగిందో లెక్కలేదు. అక్కను అప్ప అనే ఆ తీరపు అలవాటుతో ఎర్రమ్మను అప్పా అనే పిలిచేది. రత్నానికి ‘వస్తుంది’ అని వచ్చింది. తల్లికి ఆ సంగతి తనే చెప్పుకుంది. మృణాళినే పూనుకుని, గుట్టల మీద మిగిలిన ఖనిజం ఏరి మోసే పని మాన్పించి, మన్యంలో ఒక మొక్కల తోటలో పని ఇప్పించింది. అక్కడ ధూళి లేదు. ఉన్నన్నాళ్లూ పిల్లకు భయం లేదు.

పల్లం మొత్తాన్ని మన్యానికి పంపడం ఎవరి తరం? మిగిలినవాళ్లకు గాలితెరే దిక్కు.

ఊరంతా ఊదడం పూర్తయిన కొన్నాళ్లకు గాలితెర మోత సన్నగిల్లింది. ముందు ఒక స్తంభం ఆగింది, తర్వాత దాని పక్కది. యంత్రాల లోపమేమోనని చూశారు. లోపమేమీ లేదు, కరెంటు రావడం లేదు. మృణాళిని పేటలవారీ మొత్తాలు తెప్పించుకుని చూసింది. మెరకలో మీటలు ఆగిపోయాయి. పెద్ద పెద్ద కప్పులున్నది అక్కడే. పల్లంవాళ్లు మునుపటికంటే ఎక్కువే ఇస్తున్నారు గాని, ఆ రేకుల మీద పట్టే పలకలెన్ని? వాళ్లు ఉన్నదంతా ఊడ్చి ఇచ్చినా నాలుగు స్తంభాలు నడవవు.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. రోగం కూడా పల్లమెరుగునని, ఫలితాల్లో ‘వస్తుంది’లు దాదాపు అన్నీ అక్కడివేనని మృణాళినికి ముందే తెలుసు. చిన్నప్పటి కంచంలో లేనిది ఊపిరిలో కనబడుతుంది మరి. మెరకవాళ్లకు తెలిసిందల్లా ఒక్కటే, తమకు రాదని. అదే చాలింది.

“ఎవరూ చెడ్డవాళ్లు కారమ్మాయ్,” అన్నాడు పరిశోధనాలయం పెద్ద వరహాలరావు. “నాకూ రాదనే వచ్చింది. ఇంకా నొక్కుతూనే ఉన్నాను. కానీ మొన్న మా మనవరాలు ‘మనకి రాదు కదా, ఎందుకు తాతా’ అనడిగితే చప్పున జవాబు తట్టలేదు.”

“మనం చెప్పకుండా ఉంటే మీటలు ఆగేవి కావు సార్.”

“ఆగేవి కావు.”

“అంటే ఇన్నాళ్లూ ఊరిని కాపాడింది దయ కాదు.”

“దయే అనుకున్నాం. తీరా చూస్తే తెలియకపోవడం.”

మృణాళిని కుర్చీలోంచి లేచింది. వెళ్లి దర్శిని ముందు కూర్చుంది.

“నీ ఫలితాల్లో తప్పు ఎంత ఉండొచ్చు?”

“లెక్కలోకి రానంత తక్కువ,” అంది యంత్రం.

“ఎక్కువని ప్రకటిస్తే? ఎవరికైనా రావచ్చు, పాత ఫలితాలు చెల్లవు అని?”

“ప్రకటించమంటే ప్రకటిస్తాను. అది నిజం కాదని మీకు తెలుసు.”

“తెలుసు. మెరకవాళ్లకు మళ్లీ భయం పుడితే మీటలు నొక్కుతారు. పల్లం బతుకుతుంది.”

“నేను ఊపిరిని చదవగలను. భయం ఎవరికి పుడుతుందో నాకు తెలియదు. మీకు తెలుసా?”

మృణాళినికీ తెలియదు. తెలిసినట్టు నటించి పని కానిచ్చింది. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చెయ్యమన్నారు, ఒక్క అబద్ధంతో ఇన్ని ప్రాణాలు నిలిస్తే కాదనకూడదని వరహాలరావు కూడా సంతకం పెట్టాడు. మర్నాడు ప్రతి ఇంటి టీవీ తెర మీదా మృణాళిని స్వయంగా కనిపించి, తన యంత్రం పొరబడిందని, నల్లదగ్గు ఎవరికైనా రావచ్చని, అందరూ మునుపటిలా వాటా ఇవ్వాలని చేతులు జోడించి అడిగింది. పన్నెండేళ్ల కష్టాన్ని తన నోటితోనే తప్పని చెప్పింది.

మెరకలో ఆగిన మీటల్లో ఒక్కటి కూడా కదల్లేదు. కరెంటు గుంజడానికి వేసిన ఎత్తు అన్నారు కొందరు. యంత్రం మొదట చెప్పిందే సరైనదని, డాక్టరమ్మ చేత ఎవరో బలవంతాన అనిపించారని మరికొందరు జాలిపడ్డారు. తమకు రాదన్న మాటను బీరువాలో బంగారంలా దాచుకున్నారు, ఎవరడిగితే మాత్రం తిరిగి ఇస్తారు?

కానీ మృణాళినిని కుంగదీసింది అది కాదు. ఆ వారంలోనే పల్లంలో కూడా మీటలు ఒక్కొక్కటే ఆగిపోసాగాయి. ఎందుకో ఆమెకు అంతు పట్టలేదు. కొన్నాళ్లకు ఎర్రమ్మ బెల్లం జీళ్ల పొట్లం పట్టుకుని ఆఫీసుకు వచ్చేదాకా అంతు పట్టలేదు.

“నోరు తీపి సేసుకో డాక్టరమ్మా,” అంది ఎర్రమ్మ నవ్వుతూ. “రత్నం ఇంటికొచ్చీసినాది.”

“ఎక్కడికి? ఇక్కడికా?”

“మరెక్కడికి? మీ మిషను తప్పని నువ్వు టీవీలో సెప్పినావు కాదా. మర్నాడే బస్సెక్కీసినాది. ఆ మన్యంలో ఒక్కర్తీ ఏడుస్తా ఉండీది పిల్ల. గుట్టల కాడ పనిలో మళ్లా సేరిపోనాది.”

“ముక్కుకి తొడుగైనా పెట్టుకుంటోందా?”

“ఇంకెందుకమ్మా? ఈదిలో అందరూ తీసీసినారు. మీటలూ ఆపీసినారు. రాని జబ్బుకి మందెందుకని.”

మృణాళినికి అప్పుడు అర్థమైంది. ఎవరికైనా రావచ్చు అన్న ఆమె మాట మెరకకు చేరనేలేదు. పల్లానికి మాత్రం అది, మీకు రాకపోవచ్చు అని వినిపించింది. లేచి వెళ్లి తలుపు వేసి వచ్చి ఎర్రమ్మ చేతులు పట్టుకుంది.

“అప్పా, మిషను తప్పు కాదు. నేనే అబద్ధం చెప్పాను. మీటలు నొక్కించడానికి చెప్పాను. రత్నానికి వస్తుంది. ఈ ధూళిలో ఉంటే కచ్చితంగా వస్తుంది. రేపే దాన్ని మన్యం పంపించెయ్. నీ కాళ్లు పట్టుకుంటాను.”

ఎర్రమ్మ నవ్వు ఆగిపోయింది. తర్వాత చేతులు మెల్లగా విడిపించుకుంది.

“ముందు వొస్తాదని నువ్వే సెప్పినావు. ఆ రోజు కాణ్ణుంచి పిల్ల అన్నం కాడ కూకుంటే కళ్లనీళ్లే. తరవాత తప్పని నువ్వే సెప్పినావు. కడుపునిండా తిని, నవ్వి, తొంగున్నాది. ఇప్పుడు మళ్లా వొస్తాదంటన్నావు.”

“ఇదే నిజం అప్పా.”

“అయ్యుండొచ్చు తల్లీ. నాకు సదువు నేదు. ఇన్ని మాటల్లో నాకు పనికొచ్చే మాట నేనుంచుకుంటాను. మెరకోళ్లు ఉంచుకోనేదా?”

కోపం లేదు ఆ మాటలో. ఉంటే బాగుండుననిపించింది మృణాళినికి. ఎర్రమ్మ పొట్లం విప్పి, ఒక జీడి తీసి, చిన్నపిల్లకు పెట్టినట్టు ఆమె నోట్లో పెట్టింది. సిక్కిపోనావు, ఏళకి తిను అని చెప్పి వెళ్లిపోయింది.

ఆ నెలలోనే చివరి స్తంభం కూడా ఆగిపోయింది. దర్శిని ఇప్పటికీ పనిచేస్తుంది, దాని దగ్గరికి వచ్చేవాళ్లే లేరు. మృణాళిని గదిలో తూర్పు కిటికీలోంచి గుట్టలు కనిపిస్తాయి. వాటి మీద తట్టలు మోసే ఆడవాళ్లు వరసగా ఎక్కుతూ దిగుతూ ఉంటారు. ఊరంతటినీ ఒకేసారి చూడడం నేర్చిన ఆమె, వాళ్లలో రత్నం ఎవరో పోల్చుకోవాలని రోజూ ఆ కిటికీ దగ్గర నిలబడుతుంది. ఇంతవరకూ పోల్చుకోలేకపోయింది.