చుక్కి ఆగిన చోటు

కాకినాడ రోడ్డు దిగి ఉప్పుటేరు వైపు వెళితే, చెరువుల మధ్య ఓ రేకుల మోటారు షెడ్డుండేదండి. ఊరూరా రొయ్యల చెరువులు తవ్వేస్తున్న రోజులవి. చీకటిపడితే ఆ షెడ్డు వైపు ఎవరూ వెళ్లేవారు కాదు. కాపలా ఉన్న వీరబ్రహ్మం ఓ వానాకాలం దాని గుమ్మంలోనే పడి పోయాడు… గుండె ఆగిందన్నారు కొందరు, దెయ్యం పీక పిసికిందన్నారు మిగతావాళ్లు. మా ఊళ్లో దెయ్యాలకేం కరువులెండి.

తర్వాత కాపలాకి త్రిమూర్తులు వచ్చాడు. భార్య మరిడమ్మ, వెంట చుక్కి అనే నల్లకుక్క. అది ఎవర్నీ ఒంటిమీద చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. త్రిమూర్తుల్ని చూస్తే మాత్రం నడుం దగ్గర్నుంచీ ఊగిపోతూ వచ్చి, వెల్లకిలా పడుకునేది. అతను పొట్ట గోకితే దాని వెనక్కాలు గాల్లో టకటకా ఆడేది. "నీ కాలికి పిచ్చే," అని నవ్వేవాడు.

ఇక చెప్పేది మరిడమ్మ నోటివెంట విన్నదే, నేను కల్పించట్లేదు.

ఆ సాయంత్రం ముసురు. మోటారు ఆగిపోయింది. చెరువులో నీళ్లు చిలక్కపోతే రొయ్యలకి గాలందదు, తెల్లారేసరికి చచ్చి తేలతాయి. త్రిమూర్తులు టార్చిలైటు పట్టుకుని బయల్దేరాడు. వెనకే మరిడమ్మ.

గుమ్మానికి కాస్త దూరంలో చుక్కి ఆగిపోయింది.

తోక పొట్టకిందకి పోయింది. చెవులు నెత్తికి అంటుకున్నాయి. ఒళ్లంతా వెనక్కి లాక్కుంటూ, ముందుకాలు ఒకటి నేలకి ఆనించకుండా పైకెత్తింది… మూతి నాక్కుంటోంది, మాటిమాటికీ ఆవలిస్తోంది. నిద్రొచ్చి కాదండి, హడలిపోయిన కుక్క అలాగే ఆవలిస్తుంది.

"ఏమయ్యా… దానికి బ్రహ్మం కనిపిస్తున్నాడు. వెనక్కి పోదాం," అంది మరిడమ్మ గుసగుసగా.

"కనిపిస్తే నేనే మాట్లాడతాలే. నువ్వుండు."

చుక్కి అతని లుంగీ పళ్లతో పట్టి లాగింది. విదిలించుకున్నాడు. బురదలో జారుతున్నాయని చెప్పులు విడిచేసి, రేకు తలుపు మీద చెయ్యేశాడు.

కేక కూడా రాలేదు… చెయ్యి తలుపుకే ఉండిపోయింది.

మరిడమ్మ అటు పరిగెత్తబోయింది. చుక్కి అడ్డం తిరిగింది — మెడ మీద బొచ్చు లేచి, తోక నిటారుగా బిగిసి, ఎన్నడూ లేనిది ఆమెకే పళ్లు చూపించింది. కుక్కకి దెయ్యం పట్టిందనుకుని ఆమె అక్కడే కూలబడిపోయింది. అలా బతికిపోయింది.

లైన్‌మన్ వచ్చి చూస్తే దెయ్యమూ లేదు, పాడూ లేదు. తలుపు కింద వైరు నలిగిపోయి ఉంది. రేకులోనూ, తడినేలలోనూ కరెంటు. పాదం మోపగానే కుక్కకి తెలిసింది. చెప్పగలిగినంతా చెప్పింది, మనుషులకే అర్థం కాలేదు. వీరబ్రహ్మం పోయినప్పుడే ఎవడో ఒకడు ఆ తలుపు చూసుంటే త్రిమూర్తులు ఉండేవాడు కదా అని, నాకిప్పటికీ కడుపు మండుతుందండి.

వైరు మార్చారు. నేల బాగైంది. చుక్కి ఆ గుమ్మం దాకా బెదురు లేకుండా వెళ్లడం మొదలెట్టింది… రోజూ పొద్దుగూకే వేళకి.

ఓసారి మరిడమ్మ నన్ను తీసుకెళ్లి గట్టు మీద నిలబెట్టింది. గుమ్మం ఖాళీగా ఉంది. గాలి కూడా లేదు. చుక్కి చెవులు వెనక్కేసి, నడుం దగ్గర్నుంచీ ఊగిపోతూ వెళ్లి, అక్కడ వెల్లకిలా పడుకుంది.

మరిడమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చూడు," అంది.

కాసేపటికి… చుక్కి వెనక్కాలు గాల్లో టకటకా ఆడింది.