గౌరవం కొలిచిన టోపీ

"కదలకండి రాజుగారూ, అయిపోవచ్చింది," అంటూ డాక్టర్ ఇందుమతి తీగలున్న టోపీని కనకరాజు తలకు బిగించింది. "ఇప్పుడు చెప్పండి. అమెరికా ఎలాంటి దేశం?"

"బంగారంలాంటి దేశమండీ," అన్నాడు కనకరాజు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయతనికి. పక్కనున్న తెర మీద అతని ఇష్టాన్ని చూపే గీత లేవనే లేదు. ఇందుమతి నవ్వేసింది.

ఆ యంత్రం పేరు ఒపీనియోస్కోప్. నోరు మర్యాదకు ఏదో ఒకటి అనేస్తుంది గానీ, మెదడులో రక్తప్రవాహం, నాడి, గొంతులో వణుకు మొహమాటపడవు. వాటిని బట్టి అది ఇష్టాన్నీ గౌరవాన్నీ వేరువేరుగా కొలుస్తుంది. పరాయి దేశాలవాళ్ళు తమ గురించి అసలేమనుకుంటున్నారో తెలిస్తే పద్ధతి మార్చుకుంటామని చెప్పి, అమెరికా పాలకులకు సలహాలిచ్చే ఓ సంస్థ దాన్ని ఆమెచేత చేయించింది. ఆమె మనస్ఫూర్తిగా నమ్మింది. పాపం, కనకరాజు ఆమెను నమ్మాడు.

"నా పేరు బయటికి రాదు కదండీ?"

"రాదు. నాదీ పూచీ."

అంతే, కడుపులోదంతా కక్కేశాడు. "మమ్మల్ని స్నేహితులంటారండీ. ఇంకెవరిమీదో కోపమొస్తే మా రొయ్యమీద పన్నేస్తారు. యుద్ధానికెళ్ళేప్పుడు అందర్నీ రమ్మంటారు, వచ్చేసేప్పుడు నమ్ముకున్నోళ్ళకి మాటమాత్రం చెప్పరు. వాళ్ళ రాకెట్ లేస్తుంటే టీవీ ముందు చప్పట్లు కొట్టినోణ్ణండీ నేను. అందుకే ఇంత మంట."

కొన్నాళ్ళకు చెరువుల్లో రొయ్య పెరిగి పట్టుబడికొచ్చింది. కొనేవాళ్ళు మాత్రం రాలేదు. స్నేహభావం తక్కువున్న ఊళ్ళ సరుకు అమెరికా ఆపేసిందని ఏజెంటు ఫోన్లో చెప్పాడు. ఒక్క వాన పడి నీళ్ళు చెడితే పంటంతా చచ్చి తేలుతుంది. కనకరాజు ఇందుమతి దగ్గరికి పరుగెత్తాడు.

"పేరు రాదన్నారు కదండీ!"

"మీ పేరు పంపలేదు రాజుగారూ. ఊరి పేరు పంపాను. దాన్ని ఇలా వాడతారనుకోలేదు."

"మా ఇంట్లో కూర్చుని అడిగారండీ. అడిగారని చెప్పాం." ఆమె అక్కడికక్కడే సంస్థకు ఫోన్ చేసింది. మళ్ళీ పరీక్ష చేస్తే ఆలోచిస్తామని సంస్థవాళ్ళన్నారట.

ఈసారి టోపీ పెట్టగానే కనకరాజుకు చెరువే కళ్ళముందు మెదిలింది. అమెరికా అన్నమాట వినేసరికి గుండె దడదడలాడింది, గొంతు పూడుకుపోయింది. ఇష్టం గీత అడుగునే ఉంది. గౌరవం గీత పై అంచును తాకింది. ఊరందరిదీ అదే వరస.

ఇష్టం లేకపోయినా గౌరవం ఉంటే చాలని ఆంక్ష ఎత్తేశారు. గట్టుమీద లారీలకు రొయ్య ఎక్కిస్తుండగా ఇందుమతి వచ్చింది.

"అది గౌరవం కాదు, భయమని వాళ్ళకు రాశాను రాజుగారూ."

"ఏమన్నారండీ?"

"తేడా తమకు అక్కర్లేదన్నారు. మీ ఊళ్ళో బాగా పనిచేసింది కాబట్టి, ఇదే పద్ధతి అన్ని దేశాల్లోనూ పెట్టమన్నారు."